వెనక జేబు

కార్సన్స్ ఫోర్డులో ఏసా ప్రూయిట్ అంగడికి పేరు తెచ్చింది కాఫీ గింజలే అయినా, దాన్ని నిలబెట్టింది మాత్రం పిస్తోళ్ల అర. మేకులు, గుర్రపు నాడాలు నెలంతా తూచి అమ్మితే వచ్చే లాభం ఒక్క పిస్తోలుతో మిగిలేది. కొన్నవాడు మళ్లీ తూటాలకు వచ్చేవాడు. వాడు కొన్నాడని తెలిసి, వాడంటే పడనివాడు కూడా వచ్చేవాడు. ఒకటి అమ్మితే ఇంకోటి అడిగించే సరుకు టెన్నెసీ కొండల్లో ఇంకేదీ లేదని ఏసా చాలాకాలం సంతోషంగానే అనుకున్నాడు.

అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం ముగిసి పదమూడేళ్లయింది. యుద్ధంలో నేర్చుకున్న అలవాట్లు మాత్రం ఎవరూ మానలేదు. పంట్లానికి కుడిపక్క వెనకాల పిస్తోలు పట్టేంత లోతు జేబు కుట్టని దర్జీ ఆ జిల్లాలో లేడు. పెళ్లి పంట్లానికీ, చర్చికి తొడుక్కునే పంట్లానికీ కూడా ఆ జేబు ఉండాల్సిందే.

ఆ అర వైపు కన్నెత్తి చూడని మగవాడు ఒక్కడే అంగడికి వచ్చేవాడు. అతని పేరు జారెడ్ లైల్. ఉత్తరాదిన ఒహాయోలోని ఒక పత్రికకు వార్తలు రాసేవాడు. పుట్టింది ఉత్తరాదిలో. పదేళ్లప్పుడు తండ్రి ఈ కొండలకు తీసుకొచ్చాడు గనక రెండు వైపుల మాటా అతనికి వచ్చు. సన్నటి మనిషి, ఎప్పుడూ చిన్న దగ్గు, ముక్కు మీద నుంచి జారిపోయే కళ్లజోడు. మొదటిసారి వచ్చినప్పుడు మేకులు చుట్టి ఇచ్చే పాత కాగితాల దొంతర వైపు వేలు చూపించాడు.

"అవి నాకిస్తారా?"

"మేకులతోనా, ఉత్తవేనా?"

"ఉత్తవే."

"పాత కాగితం కావాలన్నవాణ్ణి ఇవాళే చూస్తున్నాను. పొయ్యి అంటించడానికా?"

"కాదు. అందులో చనిపోయినవాళ్లని ఏరుకోవాలి."

ఏసా అతన్ని ఎగాదిగా చూసి, పిచ్చివాడైనా మర్యాదస్థుడే అనుకుని దొంతర ఇచ్చేశాడు. అది మొదలు ప్రతి గురువారం లైల్ వచ్చి పొయ్యి పక్కన పీపా మీద కూర్చునేవాడు. జిల్లా జిల్లాకీ ఉండే చిన్న పత్రికలన్నీ తిరగేసి, మనిషి మనిషిని చంపిన వార్త కనబడితే కత్తిరించేవాడు. ఒక్కో చావుకు ఒక్కో చీటీ. పేరు, ఊరు, తేదీ, గొడవ దేనికి, చచ్చినవాడి చేతిలో ఏముంది, చంపినవాడు కోర్టులో ఏమన్నాడు, జూరీ ఏం తేల్చింది. నల్లజాతి మనిషి చనిపోతే పత్రికలు పేరు కూడా వేసేవి కావు, ఒక ముక్క రాసి వదిలేసేవి. లైల్ ఆ ఊరి పోస్టు మాస్టరుకి ఉత్తరం రాసి మరీ పేరు తెప్పించుకునేవాడు. జవాబు రాకపోతే ఇంకో ఉత్తరం రాసేవాడు.

ఊళ్లోవాళ్లు అతనికి 'చచ్చినోళ్ల గుమాస్తా' అని పేరు పెట్టారు.

"ఏం గుమాస్తా గారూ, ఈ వారం పంటెలా ఉంది?" అనేవాడు షెరీఫ్ డాబ్నీ, అరుగు మీద కూర్చుని పొగాకు నములుతూ.

"బాగా పండింది. మీ జిల్లాదే పెద్ద కుప్ప."

"మా వాళ్లకి పౌరుషం ఎక్కువ."

"ఒహాయోలో ఇంతే జనం ఉన్న చోట నా స్నేహితుడు లెక్క తీశాడు. ఇక్కడ పద్దెనిమిది మంది పోతే అక్కడ ఒక్కడు. అక్కడివాళ్లకీ పౌరుషం ఉంది షెరీఫ్ గారూ. వెనక జేబు లేదంతే."

ఏసా ఈ మాటలు వింటూ కాఫీ తూచేవాడు. అందులో తనకు తగిలే మాట ఉందని తెలుసు. వినబడనట్టు ఉండేవాడు.

చివరికి ఏసా పీకల మీదికి వచ్చింది ఒక గుర్రం వల్ల. ఒక సోమవారం పొద్దున బర్ల్ హాస్క్యూ తన గోధుమరంగు గుర్రాన్ని అంగడి ముందు కట్టి, పక్క ఊరి రైతుకు అమ్మజూపుతున్నాడు. హాస్క్యూ ముప్పై ఏళ్లవాడు, నది అవతల పొలం, తల్లి ఒక్కతే ఇంట్లో. మంచివాడే, కాని ఇట్టే భగ్గుమంటాడు.

"ఏడేళ్లు, అంతే," అంటున్నాడు హాస్క్యూ.

ఏసా అప్పుడే బయటికి వచ్చాడు. చేతికి అందింది గనక గుర్రం మూతి ఎత్తి, వయసు చెప్పే పళ్లు చూశాడు. అదొక అలవాటు. ఏ సరుకు ఎదురుగా వచ్చినా చెయ్యి ఊరుకోదు.

"ఏడేళ్లే," అన్నాడు నవ్వుతూ, "యుద్ధం మొదలైనప్పుడు."

అరుగు మీదున్న నలుగురూ ఘొల్లుమన్నారు. రైతు టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. హాస్క్యూ తన గుర్రం కట్టు విప్పుకుని, ఒక్కసారి ఏసా వైపు చూసి వెళ్లిపోయాడు. ఏసాకు తను వేసింది జోకులాగే అనిపించింది. సాయంత్రానికి గానీ తెలియలేదు, ఆ దేశంలో అది జోకు కాదని. పదిమందిలో మగవాణ్ణి అబద్ధాలకోరు అన్నట్టు అయింది.

కబురు హాస్క్యూ చిన్నాన్న కొడుకు తెచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, పెళ్లికి పిలవడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. "శనివారం కోర్టు ముందర కనబడితే కాలుస్తానని మా అన్న చెప్పమన్నాడండి ప్రూయిట్ గారూ. సిద్ధంగా రమ్మన్నాడు. చెప్పకుండా కాల్చడం మర్యాద కాదన్నాడు."

శనివారం సంత. కోర్టు చుట్టూ ఉన్న చదును దాటకుండా ఏసాకు వ్యాపారం లేదు. ప్రతి శనివారం చదునుకు అవతలి పక్కనున్న హోటలుకు గుడ్లు తనే తీసుకెళ్లి ఇస్తాడు. ఆ రోజు వెళ్లకపోతే భయపడ్డాడని ఊరంతా అనుకుంటుంది. భయపడ్డవాడి అంగట్లో సరుకు కొనడానికి కూడా ఆ కొండల్లో నామోషీ పడతారు. వెళితే, హాస్క్యూ గురి తప్పదు. అన్నిటికన్నా అసలు విషయం, హాస్క్యూ నడుముకున్న పిస్తోలు ఏసా అంగట్లోదే. రెండేళ్ల కిందట తనే నూనె అద్ది తుడిచి, గుడ్డలో చుట్టి ఇచ్చాడు. నాలుగు తూటాలు కొసరు కూడా వేశాడు.

షెరీఫ్ డాబ్నీ ధైర్యం చెప్పడానికి వచ్చాడు.

"నువ్వే ముందు కాల్చు ఏసా. వాడు వెనక జేబులో చెయ్యి పెట్టబోయాడని చెప్పు. జూరీ నిన్ను భోజనానికి ముందే వదిలేస్తుంది."

"వాణ్ణి పట్టుకుని కూర్చోబెట్టలేరా?"

"ఇంకా ఏమీ చెయ్యలేదుగా వాడు. చేశాక చూద్దాం."

"అప్పుడు నేను చూడటానికి ఉండను షెరీఫ్ గారూ."

భార్య పర్మీలియాకు అప్పుడు అయిదో నెల. పదిమందిలో మొగుణ్ణి 'ప్రూయిట్ గారూ' అనేది, ఇంట్లో పేరు పెట్టి పిలిచేది. ఆ రాత్రి భోజనం దగ్గర ఇంట్లోనే 'ప్రూయిట్ గారూ' అంది.

"ప్రూయిట్ గారూ, సిన్సినాటిలో మా అక్క ఉంది. రేపు బండి కట్టండి."

"అంగడి?"

"అంగడి నన్ను కట్టుకోలేదు. మీరు కట్టుకున్నారు."

"పారిపోతే జీవితాంతం పారిపోయినవాణ్ణే అవుతాను మీలియా."

"బతికున్న పారిపోయినవాడు," అంది ఆమె, మొక్కజొన్న రొట్టె ముక్క అతని పళ్లెంలోకి తోసి.

గురువారం వాన. సంగతి తెలిసిన ఊరు అంగడి వైపు రాలేదు. ఒక్క లైల్ మాత్రం తడిసిన కోటుతో, రెండు చెక్క పెట్టెలు చంకలో పెట్టుకుని వచ్చాడు. మామూలుగా తెచ్చే కత్తెర తేలేదు.

"పిస్తోలు పెట్టుకోవద్దు," అన్నాడు కూర్చోకుండానే.

"అందరూ పెట్టుకోమంటున్నారు."

"వాళ్లెవరి దగ్గరా ఇవి లేవు." పెట్టె మూత తీశాడు. రెండేళ్ల చీటీలు, ఈ కొండ జిల్లాలవే, రెండు వందల పన్నెండు. "చంపినవాళ్లలో నూట నలభై మంది ఒకటే మాట అన్నారు. 'వాడు వెనక్కి చెయ్యి పెట్టాడు.' వాళ్ల చేతిలో చచ్చినవాళ్లలో యాభై మంది జేబులు వెతికితే దొరికింది పొగాకు ముక్క, జేబురుమాలు, ఒకడికైతే పంటినొప్పి మందు. మిగతావాళ్ల దగ్గర పిస్తోలు ఉంది. ఉండీ చచ్చారు. ఉన్నా చచ్చారు, లేకపోయినా చచ్చారు ఏసా గారూ. పట్టుకెళ్లినందువల్ల బతికాడని చెప్పడానికి నాకు గట్టి చీటీ లేదు."

"మరి ఏం చెయ్యమంటారు?"

లైల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అది తెలియదు. ఆరేళ్లుగా ఏరుతున్నాను. ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదు."  ఈ ఊళ్లో తనకు కాగితం ముక్క, కూర్చోవడానికి పీపా ఇచ్చినవాడు ఒక్కడే. ఆ ఒక్కడి పేరు ఎల్లుండి చీటీ మీద రాయాల్సి వస్తుందేమోనని అతని బాధ.

ఏసా చీటీల వైపు చూశాడు. అతనికి కథలు చదివే ఓపిక లేదు గాని, గుట్టగా పోసిన దేన్ని చూసినా విడదీయాలనిపిస్తుంది.

"శిక్ష ఎంతమందికి పడింది?"

"తొమ్మిది మందికి."

"ఆ తొమ్మిదీ తియ్యండి."

"ఎందుకు?"

"అంగట్లో ఏది అమ్ముడుపోయిందో చూస్తే ఏమీ తెలియదు లైల్ గారూ. అన్నీ అమ్ముడవుతాయి. ఏది అమ్ముడుపోలేదో చూస్తే జనం ఏం వద్దనుకుంటున్నారో తెలుస్తుంది. ఈ జూరీలు రెండు వందల మందిని వదిలేశాయి. ఈ తొమ్మిది మందిని ఎందుకు వదల్లేదు?"

లైల్ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని చీటీలు తియ్యడం మొదలెట్టాడు. తొమ్మిదీ కౌంటరు మీద వరసగా పేర్చారు. ఒకడు ఆవు పాలు పితుకుతుండగా చచ్చాడు. ఒకడు బాప్తిస్మానికి నదిలో నడుము లోతున నిలబడి ఉన్నాడు, పైన చొక్కా లేదు. ఒకడు శవపెట్టెకు ఒక కొస మోస్తున్నాడు. ఒకడి రెండు చేతుల్లో ఇద్దరు పిల్లలు. మిగిలిన వాటిలో రెండు మామూలు కాల్పులే, ఎందుకు శిక్ష పడిందో తెలియదు. ఏడింటిలో మాత్రం ఒకటే లక్షణం. కోటు లేదు, చేతులు రెండూ అందరికీ కనబడుతున్నాయి, ఒక్కటీ వెనక జేబు దగ్గర లేదు.

"వీళ్ల మీద 'వెనక్కి చెయ్యి పెట్టాడు' అనడానికి వీల్లేకపోయింది," అన్నాడు లైల్ నెమ్మదిగా. "ఆ మాట లేకపోతే జూరీకి చెప్పుకోవడానికి ఇంకో మాట లేదు."

"హాస్క్యూకి కూడా ఉండదు."

"వాళ్లు ఏడుగురూ చచ్చిపోయారు కదా."

"చంపినవాడికి శిక్ష పడుతుందని వాళ్లకీ తెలియదు, చంపినవాడికీ తెలియదు. నేను ముందే తెలిసేలా చేస్తాను."

శుక్రవారం పొద్దున అంగడి తెరవగానే ఏసా మాట వదిలాడు. ఉప్పుకు వచ్చినవాడికీ, సబ్బుకు వచ్చినామెకీ, ఏమీ కొనకుండా ముఖం చూడ్డానికి వచ్చినవాళ్లకీ ఒకటే మాట చెప్పాడు. "రేపు ఎప్పట్లాగే గుడ్లు పట్టుకెళ్తున్నాను. కోటు లేకుండా వెళ్తున్నాను. వెనక జేబు ఉండదు. వెనక్కి చెయ్యి పెట్టాడని జూరీకి చెప్పడానికి ఎవరికీ వీలుండదు." కొత్త సరుకు వచ్చిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. సాయంత్రానికి ఆ మాట నది దాటి ఉంటుందని అతనికి నమ్మకం. ఏ మాట ఎంతసేపట్లో ఎంత దూరం పోతుందో అతనికి తెలుసు.

ఇంట్లో పర్మీలియా పంట్లాం ఒళ్లో వేసుకుని వెనక జేబు ఊడదీసింది. ఆ చోట రంధ్రం పడింది. అతుకు వెయ్యడానికి నల్లగుడ్డ దొరకక కాదు గాని, దూరానికి కనబడాలని పిండి సంచి గుడ్డ కత్తిరించి వేసింది. తెల్లటి అతుకు, రెండు అరచేతులంత.

"వాడు కాల్చాడనుకో," అంది దారం కొరికి, "నిన్ను ఈ పంట్లాంతోనే పాతిపెడతాను. పైవాడి దగ్గర వెనక్కి తిరిగి నిలబడు."

శనివారం పదింటికి వాన వెలిసింది. ఏసా చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, ఆరు డజన్ల గుడ్ల గంపను రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని అంగట్లోంచి దిగాడు. చదును అంతా బురద. బళ్లన్నీ అంచులకు తీసి ఉన్నాయి. మధ్యలో ఎవరూ లేరు. కోర్టు కిటికీలో ముసలి జడ్జి నిలబడి ఉన్నాడు. హోటలు వరండాలో ఆడవాళ్లు. వరండా స్తంభానికి ఆనుకుని లైల్, ముఖం చీటీ కన్నా తెల్లగా.

హాస్క్యూ గుర్రపుశాల ముందు నుంచి కదిలి చదును మధ్యలోకి వచ్చాడు. కుడిచెయ్యి కోటు వెనక ఉంది.

"సిద్ధంగా వచ్చావా ఏసా?"

"ఆరు డజన్ల గుడ్లతో వచ్చాను బర్ల్."

"కింద పెట్టు."

"బురదలోనా? హోటలామె నన్ను నీకన్నా ముందు చంపుతుంది."

ఎవరూ నవ్వలేదు. గంపలో గుడ్లు ఒకదానికొకటి తగిలి చిన్నగా టకటకమంటున్నాయి, ఆ చప్పుడు హాస్క్యూకి కూడా వినబడే ఉంటుంది. ముందే అనుకున్న మాట అప్పుడు అన్నాడు, ఊరందరికీ వినబడేలా.

"అడక్కుండా ఇంకొకడి గుర్రం నోరు తెరిచి చూడటం నా తప్పు. నలుగురు నవ్వేలా మాట్లాడటం ఇంకో తప్పు. ఆ రెండూ ఒప్పుకుంటున్నాను."

గుర్రం వయసు గురించి ఒక్క మాట అనలేదు. హాస్క్యూ ఆలోచిస్తున్నాడని అతని దవడ చూస్తే తెలుస్తోంది. కిటికీలో జడ్జి వైపు ఒకసారి, వరండాలో ఆడవాళ్ల వైపు ఒకసారి చూశాడు.

"వెనక్కి తిరుగు," అన్నాడు.

అదే కష్టమైంది ఏసాకు. ముఖానికి ముఖం ఉన్నంతసేపు ఏదో ధైర్యం. గంప పట్టుకుని, బురదలో జారకుండా, చిన్నచిన్న అడుగులతో తిరిగాడు. తిరిగి నిలబడి, ఇంక వచ్చేది చప్పుడే అనుకుని కళ్లు మూసుకున్నాడు.

చప్పుడు రాలేదు. కాసేపటికి హాస్క్యూ గొంతు, కొంచెం ఇబ్బందిగా.

"నీ పిర్ర మీద అదేంటి రాసుంది?"

ఏసాకు తెలియదు. పర్మీలియా గుడ్డ కత్తిరించిన తొందరలో సంచి మీద పిండిమరవాళ్లు వేసిన అచ్చు చూసుకోలేదు. వరండాలోంచి హోటలామె గట్టిగా చదివింది. "మేలు రకం, మెత్తటి పిండి."

మొదట ఎవరో ఆడమనిషి నవ్వింది. తర్వాత బళ్ల దగ్గరివాళ్లు. తర్వాత కోర్టు మెట్ల మీద షెరీఫ్ డాబ్నీ, పొగాకు మింగేసి దగ్గుతూ. ఏసా అలాగే గంప పట్టుకుని, ఊరికి వీపు పెట్టి, ఆ నవ్వంతా వీపు మీద వేయించుకున్నాడు. సోమవారం హాస్క్యూ మీద పడ్డ నవ్వు నలుగురిది. ఇది నాలుగు వందల మందిది. హాస్క్యూకి చెల్లవలసిన దానికన్నా ఎక్కువే చెల్లింది.

ఏసా తిరిగి చూసేసరికి హాస్క్యూ చెయ్యి బయట ఉంది, ఖాళీగా. పెదవి బిగబట్టుకుంటున్నాడు గాని కళ్లు నవ్వుతున్నాయి.

"మా అమ్మకి ఒక డజను పంపు," అన్నాడు. "పగలనివి చూసి."

హోటలు వరండా ఎక్కి గంప దించాక ఏసా మెట్టు మీద కూలబడ్డాడు. లైల్ పక్కన కూర్చున్నాడు.  తర్వాత లైల్ జేబులోంచి ఒక చీటీ తీశాడు. దాని మీద ఏసా ప్రూయిట్ అనీ, కార్సన్స్ ఫోర్డు అనీ, ఆ రోజు తేదీ రాసి ఉంది. మిగతా గడులు ఖాళీ.

"పొద్దున రాశాను. తప్పేమో. చెయ్యి ఆగలేదు."

"ఇప్పుడు చింపేస్తారా?"

"మీకిస్తున్నాను. నా పెట్టెలో దీనికి చోటు లేదు." దగ్గు వచ్చి ఆగాడు. "ఇంతకాలం చచ్చినవాళ్ల కోసం చేస్తున్నాననుకున్నాను ఏసా గారూ. బతికున్నవాడికి ఒక్కడికైనా పనికొచ్చింది. నాకిది చాలు."

"తొమ్మిది చీటీలు విడిగా తియ్యమన్నది నేనే కదా," అన్నాడు ఏసా, "సగం నాది."

"సగం మీదే."

సోమవారం ఏసా పిస్తోళ్ల అర ఖాళీ చేశాడు. పిస్తోళ్లని వచ్చిన దారినే టోకు వర్తకుడికి తిప్పి పంపాడు. ఆ ఏడు అంగడి బాగా తగ్గింది. మిగిలిన ఇద్దరు వ్యాపారులు అతన్ని పాదిరీ అని వెక్కిరించారు. అతను ఆ అరలో గాజు సీసాలు, తర్వాత దీపాలు పెట్టి చూశాడు. ఏవీ పిస్తోళ్లంత కదల్లేదు. ఆ నష్టాన్ని అతను నష్టమనే చెప్పేవాడు, గొప్పగా చెప్పుకోలేదు.

లైల్ పుస్తకం రెండేళ్లకు అచ్చయింది. ఉత్తరాదివాళ్లు మెచ్చుకున్నారు గాని కొనలేదు. దక్షిణాదివాళ్లు కొనకుండానే తిట్టారు. తొమ్మిది చీటీల సంగతి ఒక చోట రాసి, అది చూపించింది కొండ ప్రాంతపు అంగడి మనిషి ఒకరని రాశాడు. పేరు వెయ్యనా అని అడిగితే ఏసానే వద్దన్నాడు, హాస్క్యూ గుర్రం ఇంకా బతికే ఉందని. ఆ మరుసటి చలికాలం దగ్గు లైల్‌ని తీసుకుపోయింది. ముప్పై ఏడేళ్లు. పాతిపెట్టిన రోజు మంచు. చీటీల కోసం అతను ఉత్తరాలు రాసి పేరు తెప్పించిన మనుషుల తాలూకు నల్లజాతి కుటుంబాలు రెండు, ఎలా తెలిసిందో గాని, ముప్పై మైళ్లు నడిచి వచ్చాయి. ఆ రోజు గుంట దగ్గర ఏడ్చినవాళ్లలో వాళ్లే ఎక్కువ.

ఇదంతా జరిగి ఇరవై రెండేళ్లు. అప్పుడు కడుపులో ఉన్న బిడ్డ ఇప్పుడు అంగడి చూసుకుంటోంది. పేరు సుసానా లైల్ ప్రూయిట్. నాన్న కళ్లజోడు పెట్టెలో మడిచి ఉన్న పాత చీటీ ఏమిటని ఒకరోజు అడిగింది. ఏసా మొత్తం చెప్పాడు, పిండి సంచితో సహా.

"ఆ తేదీ తర్వాతవన్నీ కొసరు రోజులే నాకు," అన్నాడు. "నువ్వు, నీ తమ్ముళ్లు, మీ అమ్మతో ఈ పోట్లాటలు, అన్నీ."

"ఇంకా దాచుకోవడం ఎందుకు నాన్నా?"

"కింద గడి ఖాళీగా ఉందిగా, ఎలా పోయాడన్నది. నేను పోయాక నువ్వే నింపు. జ్వరమైతే జ్వరం, కీళ్లవాతమైతే కీళ్లవాతం. మంచి అక్షరాలతో రాసి, తీసుకెళ్లి లైల్ గారి సమాధి రాయి కింద పెట్టు." కళ్లజోడు పెట్టె మూసి జేబులో వేసుకున్నాడు, చొక్కా జేబులో. "ఆయన చూస్తే సంతోషిస్తాడు."